బరువులేని చోట ద్రవముల నడత

నిండుకుండ తొణకదని మనవారి సామెత. గుణవంతులగు పెద్దలను గూర్చి పుట్టిన మాటయే యైనను, దానియందు ద్రవముల శాస్త్రము కూడ కొంత ఇమిడియున్నది. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు ప్రాంతముల శ్రోతలకు ఈ సంగతి వేరుగ చెప్పనక్కరలేదు. ఉద్యానవనము వంటిదగుటచే ఆ సీమకు ఉద్దానమను పేరు వచ్చెనని పెద్దలందురు. ఆ కొబ్బరితోటలలో కాయను కొనువారు దానిని చెవిదగ్గర నుంచుకొని ఒకసారి ఊపిచూతురు. లేత బొండము పలుకదు. దాని లోపల నీరు నిండుగ నుండును, కదలుటకు చోటులేదు. ముదిరిన కాయ గలగలమని పలుకును. లోపలి నీరు కొంత ఇగిరిపోగా, ఆ చోట గాలి చేరినది. గాలికిని నీటికిని నడుమ ఒక ఉపరితల మేర్పడినది. ఆ ఉపరితలమే ఊగుచున్నది. ఆ ఊపే మన చెవికి వినవచ్చుచున్నది.

శ్రీహరికోటనుండి ఆకాశమునకు లేచు ఉపగ్రహముల కడుపులోను ఇట్టి కాయలే యున్నవి. వానిని ట్యాంకులందురు. టైటానియము వంటి తేలికలోహములతో, లోపలి ఒత్తిడికి తాళునట్లు గోళాకారముగనో, గుండ్రని కొనలుగల పీపా యాకారముగనో వానిని చేయుదురు. వానియందు ఇంధనద్రవ మొకవైపు, దానిని మండించు దహనకారి ద్రవ మొకవైపు నింపుదురు. ఈ రెంటికిని కలిపి చోదకద్రవములని పేరు పెట్టుకొందము. బయలుదేరునాడు ఆ ట్యాంకు లేత బొండము. ఏండ్లు గడచుకొలది ద్రవము తరుగును, వాయువు పెరుగును; ట్యాంకు ముదురుకాయ యగును. కాని భూమిమీది ముదురుకాయలో నీరు అడుగుననే యుండును. అంతరిక్షమున ద్రవమునకు అడుగనునదే లేదు. నేటి ప్రసంగమున మేము ముచ్చటింపబోవునది ఈ చిక్కును గూర్చియే.

ఈ విషయము పండితులకే పరిమితమని శ్రోతలు తలపవలదు. 2018వ సంవత్సరము అక్టోబరు 11వ తేదీ తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస సమీపమున తీరము దాటినది. ఉద్దానపు కొబ్బరి, జీడితోటలు ఎట్లు నేలకొరగినవో ఆ ప్రాంతపు కుటుంబములు నేటికిని మరువలేదు. చెట్లను కాపాడుట ఎవరితరమును కాలేదు. అయినను తుపాను ఎక్కడ పుట్టినది, ఎటు కదలుచున్నది అనుసంగతి ముందుగ తెలియుటచే ప్రాణములు కాపాడుకొనుటకు వ్యవధి చిక్కినది. ఆ సంగతిని కనిపెట్టినవారిలో ఆకాశమునుండి రేయింబవళ్లు సముద్రమును చూచుచున్న వాతావరణ ఉపగ్రహములు ముఖ్యములు.

అట్టివానిలో ఇన్సాట్-3డి.ఆర్. ఒకటి. 2016 సెప్టెంబరు 8న శ్రీహరికోటనుండి జి.ఎస్.ఎల్.వి. రాకెట్టు దానిని మోసికొనిపోయినది. దాని మొత్తము బరువు 2,211 కిలోలు. అందులో సగమునకు పైగా చోదకద్రవమే. దానిని రాకెట్టు విడిచిన కక్ష్యనుండి సుమారు 36,000 కిలోమీటర్ల యెత్తునగల స్థిరకక్ష్యకు చేర్చుటకు ఆ ద్రవములో చాలభాగము వెచ్చించవలసి వచ్చును. మిగిలిన కొద్దిపాటితో ఏండ్లతరబడి కాపురము సాగింపవలెను. సూర్యచంద్రుల ఆకర్షణచే ఉపగ్రహము తన నెలవునుండి తొలగుచుండును. అప్పుడప్పుడు చిన్న ఇంజన్లను వెలిగించి దానిని మరల తన చోట నిలుపుచుందురు. కన్ను బాగుగనున్నను, విద్యుత్తు బాగుగనున్నను, ట్యాంకులోని ద్రవము అడుగంటిననాడు ఉపగ్రహపు ఉద్యోగము ముగిసినట్లే. కావున ఆ ద్రవము ఇంజనునకు చివరిబొట్టువరకు అందునా, అందదా యనునది తీరవాసుల క్షేమముతో ముడివడిన ప్రశ్న.

ముందుగ బరువు లేకపోవుట యననేమో తెలిసికొందము. ఆకాశమున భూమి ఆకర్షణ ఉండదని చాలమంది యనుకొందురు. అది సరికాదు. అంతర్జాతీయ అంతరిక్షకేంద్రము సుమారు 400 కిలోమీటర్ల యెత్తున తిరుగుచున్నది. అచ్చట భూమ్యాకర్షణ మనము నిలిచిన చోటనున్నదానిలో ఇంచుమించు పదింట తొమ్మిదివంతులు కలదు. మరి అందలి మనుష్యులు తేలుచుండుటకు కారణమేమి? వారును, వారి గదియు, గదిలోని వస్తువులును అన్నియు ఒక్కతీరున పడిపోవుచుండుటయే కారణము. ముందునకు పోవు వేగముచే ఆ పడుట భూమిచుట్టు తిరుగుటగ మారుచున్నది. అన్నియు కలిసి పడునప్పుడు ఒకదానిపై ఒకటి మోపు భారమెక్కడిది?

దీనిని ఇంటివద్దనే పరీక్షించి చూడవచ్చును. ఒక ఖాళీడబ్బాకు అడుగున చిన్నరంధ్రము చేసి నీరు నింపుడు. రంధ్రమునుండి నీరు ధారగ కారును. డబ్బాను ఎత్తుగ పట్టుకొని వదలివేయుడు. డబ్బా నేలను తాకువరకు ధార నిలిచిపోవును. డబ్బాయు నీరును ఒకే వేగముతో పడుచున్నవి గనుక నీటికి అడుగుపై మోపుటకు బరువు లేదు. కొబ్బరిచెట్టునుండి రాలిన కాయలోని నీటికిని ఇదే గతి. ఇరువది మీటర్ల యెత్తునుండి కాయ నేలకు చేరుటకు రెండు సెకన్లు పట్టును. ఆ రెండు సెకన్లు ఆ కాయలోని నీరు ఉపగ్రహపు ట్యాంకులోని ద్రవమునకు చుట్టమే.

శాస్త్రజ్ఞులును ఈ మార్గమునే పట్టిరి. జర్మనీలోని బ్రేమెన్ నగరమున 146 మీటర్ల యెత్తుగల గోపురమొకటి కలదు. దాని లోపల 110 మీటర్ల గొట్టమునుండి గాలిని తీసివేసి, పరీక్షాపాత్రలను జారవిడుతురు. వారికి దొరకు సమయము 4.7 సెకన్లు. ఆ కొద్ది సెకన్లకొరకే అంతటి గోపురము! ఆ వ్యవధిలో వేగముగ చిత్రములు తీసి, ద్రవమెట్లు కదలినదో నింపాదిగ చూచుకొందురు.

బరువు తొలగిన వెంటనే ద్రవమేమి చేయును? భూమిమీద దానిని శాసించునది బరువు. బరువు పెత్తనము సాగినంతకాలము మరియొక శక్తి మూలనపడియుండును. దానిపేరు తలతన్యత. ద్రవపు ఉపరితలము సాగదీసిన పలుచని పొరవలె ముడుచుకొన జూచును. చేమాకుపైని మంచుబొట్టు గుండ్రనై నిలుచుట దీనివలననే. ప్రమిదలోని నూనె వత్తివెంట పైకి ప్రాకుట దీనివలననే. అయితే బొట్టు చిన్నదైనప్పుడే దీని యాట సాగును. బిందెడు నీటిని గుండ్రముగ నిలుపుట దానివలన కాదు. బరువు దానిని పరచివైచును.

ఈ రెండు శక్తులకును నడుమ ఒక హద్దు కలదు. నీటి విషయమున భూమిమీద ఆ హద్దు సుమారు 2.7 మిల్లీమీటర్లు. అంతకు చిన్నవగు బొట్లపై తలతన్యతకు పెత్తనము. అంతకు పెద్దవానిపై బరువునకు పెత్తనము. భారము తగ్గినకొలది ఈ హద్దు పెరుగును. భారము నూరవవంతునకు తగ్గిన హద్దు పదిరెట్లగును. పదిలక్షలవ వంతునకు తగ్గిన హద్దు వేయిరెట్లగును. అనగా 2.7 మిల్లీమీటర్లు 2.7 మీటర్లుగ మారును! కక్ష్యలో తిరుగు ఉపగ్రహమునందు మిగులు భారము ఇంచుమించు ఇంతటిదే. ఒక మీటరు వెడల్పుగల ట్యాంకు పూర్తిగ ఈ హద్దునకు లోబడినది. భూమిమీద చేమాకుపై నీటిబొట్టును పాలించిన న్యాయమే అచ్చట నిలువెత్తు ట్యాంకును పాలించును. అంతరిక్షమున ద్రవముల నడత అంతయు ఈ ఒక్క లెక్కలోనుండి పుట్టినది.

చోదకద్రవములు చాలవరకు లోహపుగోడలను తడుపు స్వభావము గలవి. కావున బరువు పోయినంతనే అవి గోడలవెంట ప్రాకి ట్యాంకు లోపలి వైశాల్యమంతటను అంటుకొనును. వాయువు ఒక పెద్దబుడగయై నడుమ చేరును. ఉపగ్రహమును కొంచెము త్రిప్పినను, ఎండ ఒకవైపున తగిలినను, ఆ బుడగ స్థానము మార్చును. ఒకప్పుడది సరిగా ఇంజనునకు పోవు ద్వారముపై వచ్చి కూర్చుండవచ్చును. ఆ క్షణముననే ఇంజను వెలిగించినచో గతియేమి? ఇంజను ద్రవమునకు మారుగ వాయువును మ్రింగును. మంట తడబడును, పంపులుగల ఇంజనులలో భారములేక చక్రములు మితిమీరి తిరిగి చెడిపోవును. ట్యాంకునిండ ఇంధనముండియు ఇంజను ఆకలితో చచ్చుటయన ఇదియే.

ఇందుకు విపర్యయమగు చిక్కు మరియొకటి. ద్రవహైడ్రోజను సున్నకు దిగువ 253 డిగ్రీల చలిలోనే ద్రవముగ నుండును. ద్రవ ఆక్సిజను సున్నకు దిగువ 183 డిగ్రీలలో. ఎంత కప్పినను కొంతవేడి లోపలికి చొరబడును, ద్రవము మరగి ఆవిరి పుట్టును, ఒత్తిడి పెరుగును. అన్నపుకుండ మూత కొంచెము తొలగించినట్లు, ఆవిరిని బయటికి వదలవలెను. భూమిమీద ఆవిరి పైననుండును గనుక పైని ద్వారము తెరచిన చాలును. అంతరిక్షమున పైయేది, క్రిందయేది? ఆవిరిద్వారము తెరచినచో ద్రవమే వెలువడవచ్చును.

ఇది ఊహకాదు, జరిగిన సంగతి. 1964 డిసెంబరు 11న అమెరికావారు సెంటారు అను రాకెట్టు దశను పరీక్షించిరి. ద్రవహైడ్రోజనుతో పనిచేయు ఆ దశను ఒకసారి వెలిగించి ఆర్పి, కొంతకాలము కక్ష్యలో తేలనిచ్చి మరల వెలిగింపవలెనని వారి సంకల్పము. ఇంజను ఆగినంతనే ద్రవము ముందువైపునకు ఎగసిపోయినది. ఆవిరితో కలిసి ద్రవము కూడ ద్వారమునుండి వెలువడినది. ఆ వెలువడు ధారయే రాకెట్టును త్రోసి పల్టీలు కొట్టించినది. రెండవమారు వెలిగించుట సఫలము కాలేదు.

చంద్రునిపై మనుష్యుని దింపదలచినవారికి ఈ చిక్కు విడదీయక తప్పదయ్యెను. చంద్రయానమున రాకెట్టు మూడవదశను భూమికక్ష్యలో ఆర్పి, తిరిగి వెలిగింపవలసియుండెను. ట్యాంకు లోపల నిజముగ ఏమి జరుగునో కంటితో చూడవలెనని వారు నిశ్చయించిరి. 1966 జూలై 5న సాటరన్ 1-బి రాకెట్టుపై ఆ దశను పంపి, హైడ్రోజను ట్యాంకులోనే టెలివిజను కెమెరాలను అమర్చిరి. ఆ పరీక్షలో ఒక చక్కని యుక్తి నెగ్గినది. ఎట్లును వదలక తప్పని ఆవిరినే వెనుకవైపునకు ఎడతెగక వదలిరి. ఆ స్వల్పమగు త్రోపుచే రాకెట్టు మెల్లగ ముందునకు సాగును. లోపలి ద్రవము వెనుకబడి అడుగున కుదురుకొనును. శత్రువనుకొన్న ఆవిరి సేవకుడైనది.

బస్సు ముందునకు కదలినప్పుడు నిలిచియున్నవారు వెనుకకు తూలుదురు గదా! ఆ జడత్వమే ద్రవమును అడుగునకు చేర్చు మొదటి ఉపాయము. పెద్ద ఇంజనును వెలిగించుటకు ముందు చిన్న ఇంజన్లను కొన్ని సెకన్లు వెలిగింతురు. ట్యాంకు ముందునకు జరుగును, ద్రవము ద్వారమువద్దకు చేరును, బుడగ వెనుదీయును. అప్పుడే పెద్ద ఇంజనునకు ఆజ్ఞ. అయితే ఆ చిన్న ఇంజన్లకు ద్రవమెట్లందును? అందుకు రెండవ ఉపాయము కావలెను.

రెండవ ఉపాయము సంచి. ట్యాంకులో రబ్బరుపొర నొకదాని నమర్చి, ఒకవైపు ద్రవమును, మరియొకవైపు ఒత్తిడిగల వాయువును ఉంచుదురు. వాయువు పొరను త్రోయుచుండును. ద్రవము నలిగి ద్వారమునకు పోవుచుండును. వాయువు ద్రవముతో కలియు మాటయేలేదు. 1977లో బయలుదేరి సౌరకుటుంబపు పొలిమేరలు దాటిపోయిన వాయేజరు నౌకలు ఇట్టి సంచిపైననే ఆధారపడినవి. కాని ఘాటైన దహనకారి ద్రవములకు ఏండ్లతరబడి తాళు పొర దొరకుట కష్టము. ట్యాంకు పెద్దదైనకొలది పొర బరువును పెరుగును.

మూడవ ఉపాయము అన్నిటికంటె సొగసైనది. చిక్కుతెచ్చిన తలతన్యతచేతనే ఊడిగము చేయించుకొనుట. ప్రమిదలోని వత్తిని మరల తలచుకొనుడు. నూనెను పైకి తోడు యంత్రమేదియు అందు లేదు. దారపుపోగుల సన్ననిసందులే నూనెను లాగికొనును. ఉపగ్రహపు ట్యాంకులో పలుచని లోహపురేకులను గోడకు చేరువగ నిలిపి, గోడకును రేకునకును మధ్య సన్నని మూల లేర్పరుతురు. మూల ఎంత ఇరుకైన ద్రవమంత వేగముగ దానివెంట ప్రాకును. ఆ రేకులన్నియు ద్వారమువద్ద కలియును. ద్రవము ట్యాంకులో ఏమూలనున్నను, రేకులవెంట నడచివచ్చి వాకిట నిలుచును. కదలు భాగము లేదు, అరుగుదల లేదు, విద్యుత్తు అక్కరలేదు. 2008లో అంతరిక్షకేంద్రమున డాన్ పెట్టిట్ అను వ్యోమగామి పలుచని ప్లాస్టికు కాగితమును మడచి, ఒకవైపు ఇరుకుమూలగల గిన్నె చేసికొనెను. బరువులేని కాఫీ ఆ మూలవెంట తనంతనే పెదవివరకు ప్రాకివచ్చినది. ట్యాంకులోని రేకుల విద్యయే కాఫీగిన్నెకును పనికివచ్చినది.

రేకులు ద్రవమును తెచ్చి నిలిపినను, వాయువును వాకిట నిలిపివేయు కాపరి యొకడు కావలెను. దానికి సన్నని జల్లెడ నమర్తురు. ఈ జల్లెడ పనిని చెరువులలో ఈదు పిల్లలు ఎరుగుదురు. తడిపిన పంచెను గాలిలో విసరి, అంచులు ముడిచి నీటిలో నుంచినచో అది బుడ్డవలె ఉబ్బి పిల్లవానిని తేల్చును. పొడిపంచెలో గాలి నిలువదు, తడిపంచెలో నిలుచును. దారముల సందులను నీటిపొర మూసియుండుటయే కారణము. గట్టిగ నొక్కినగాని గాలి ఆ పొరను చీల్చి పోజాలదు. ట్యాంకులోని లోహపుజల్లెడయు తడిసినంతకాలము ద్రవమును పోనిచ్చును, వాయువును ఆపును. ఆ రంధ్రములు ఎంత సన్ననివైన కాపలా అంత గట్టిది. కాని అతిసన్నమైన, ద్రవము పోవుటయే కష్టమగును. ఈ రెంటికిని పొత్తు కుదుర్చుటలోనే నిర్మాతల నేర్పు తెలియును. మన సమాచార ఉపగ్రహముల ట్యాంకులందు తలతన్యతచే పనిచేయు ఇట్టి అమరికలనే ఇస్రోవారు వాడుచున్నారు.

ద్రవపురకమునుబట్టి ఈ విద్య మారుననుటయు గమనింపదగినది. నీటి తలతన్యతతో పోల్చినచో ద్రవహైడ్రోజను తలతన్యత ముప్పదవవంతు కూడ లేదు. కావున దానిని జల్లెడతో కట్టడిచేయుట మిక్కిలి కష్టము.

ఇక ద్రవమును చేర్చుటయేకాదు, ఊగకుండ పట్టుటయు వేరొక సమస్య. పల్లెలలో కావడిమోయువారు నిండుబిందెలలో ఆకుమండ నొకదానిని వేయుదురు. నడచునప్పుడు అడుగుల తాళము నీటి ఊపు తాళముతో కలిసినచో నీరు ఒలుకును. ఆకుమండ ఆ ఊపును ముక్కలుచేసి చిన్నసుడులుగ మార్చి అణచివేయును. రాకెట్టు ట్యాంకుల లోపల గోడలకు అడ్డుపలకలను బిగించుట ఈ న్యాయముననే. 2007 మార్చిలో స్పేస్ఎక్స్ సంస్థవారి ఫాల్కన్-1 రెండవ ప్రయోగము దీనికి సాక్ష్యము. పై దశలోని ద్రవ ఆక్సిజను ట్యాంకులో అడ్డుపలకలు లేవు. ద్రవము ఊగనారంభించినది. ఆ ఊపునకు రాకెట్టు ఊగినది. రాకెట్టు ఊపునకు ద్రవము మరింత ఊగినది. తుదకు ఇంజనునకు ద్రవమందక ఆరిపోయినది, కక్ష్య చేరలేదు. ఆకుమండ విలువ ఎంతటిదో అప్పుడు తెలిసినది.

మన తెలుగుతీరమునుండి బయలుదేరిన ప్రయాణములలో ఈ విద్య ఎట్లు పరీక్షకు నిలిచినదో కొంచెము చూతము. 2013 నవంబరు 5న శ్రీహరికోటనుండి మంగళయానము బయలుదేరెను. దాని బరువు 1,337 కిలోలు. అందు 852 కిలోలు చోదకద్రవము. డిసెంబరు 1న భూమిని విడిచిపోవుటకు పెద్ద ఇంజనును వెలిగించిరి. తరువాత పదినెలలు ఆ ఇంజను నిద్రించినది. పదినెలలు ఆ ద్రవము భారమన్నది ఎరుగక తేలినది. 2014 సెప్టెంబరు 22న నాలుగు సెకన్లపాటు వెలిగించి పరీక్షించిరి, నిద్రలేచినది. 24వ తేదీ ఉదయమున సుమారు ఇరువదినాలుగు నిమిషములు మండి, నౌకను అంగారకుని కక్ష్యలో నిలిపినది. ఆ ఇరువదినాలుగు నిమిషములలో ఒక పెద్దబుడగ ద్వారమున చేరియున్నచో, నౌక అంగారకుని ప్రక్కగ సాగి సూర్యునిచుట్టు అనాథవలె తిరుగుచుండెడిది. మరల వెలిగించుటకు రెండవ అవకాశము లేదు.

2015 డిసెంబరు 16న పి.ఎస్.ఎల్.వి.-సి29 రాకెట్టు సింగపూరు ఉపగ్రహములను కక్ష్యలో విడిచినది. విడిచిన పిదప నాల్గవదశను వృథాగ పోనీయక, ఇంచుమించు గంటసేపు తేలనిచ్చి, మరల కొన్ని సెకన్లు వెలిగించి చూచిరి. పైకి చూచినచో అది చిన్నపని. కాని ఒకే రాకెట్టుతో వేర్వేరు కక్ష్యలలో ఉపగ్రహములను దింపుటకు దారి తెరచినది అదియే. 2025 నవంబరు 2న ఎల్.వి.ఎం.3 రాకెట్టు 4,410 కిలోల సి.ఎం.ఎస్.-03 ఉపగ్రహమును చేర్చిన తరువాత, అతిశీతల ద్రవములుగల దాని పై దశ దహనకోష్ఠమును అంతరిక్షమున మరల వెలిగించిరి. 1964లో సెంటారు దశ ఎక్కలేని మెట్టు ఎట్టిదో తెలిసినవారికి దీని విలువ తెలియును.

అపజయములును లేకపోలేదు. 2021 ఆగస్టు 12న జి.ఎస్.ఎల్.వి.-ఎఫ్10 ప్రయోగమున హైడ్రోజను ట్యాంకు ఆవిరిద్వారపు కవాటము కొంచెము కారినది. లోపలి ఒత్తిడి తగ్గినది, పై దశ వెలుగలేదు, ఇ.ఓ.ఎస్.-03 అను భూపరిశీలక ఉపగ్రహము సముద్రము పాలైనది. ఇది బుడగ దోషము కాదు. అయినను ట్యాంకు లోపలి వాయువును ద్రవముతో సమముగ కనిపెట్టవలెనను పాఠము దీనియందున్నది. అన్నపుకుండ మూత ఎప్పుడు తెరువవలెనో తెలిసిన చాలదు. మూసినప్పుడు సరిగా మూసికొనునా యనునదియు చూడవలెను.

2023 జూలై 14న శ్రీహరికోటనుండి లేచిన చంద్రయాన్-3 ఆగస్టు 23న చంద్రుని నేలపై దిగినది. సుమారు 30 కిలోమీటర్ల యెత్తున సెకనుకు దాదాపు 1.7 కిలోమీటర్ల వేగముతో పోవుచున్న నౌకను, దాని ఇంజనులే నెమ్మదిగ ఆపి నేలకు దింపవలెను. నౌక పడకనుండి లేచి నిలువుగ తిరుగుచుండ, ట్యాంకులు ఖాళీ యగుచుండ, మిగిలినద్రవము ఊయలవలె ఊగుచుండును. నడుపు యంత్రగణనము ఆ ఊపు తాళమును ముందే ఎరిగియుండి, తన త్రోపులను దానితో కలియనీయక నడుపవలెను. కావడివాడు తన అడుగులను తానే దిద్దుకొనినట్లనుడు. సెప్టెంబరు 3న విక్రముని ఇంజనులను మరల వెలిగించి, నలువది సెంటీమీటర్ల యెత్తున కెగిరించి ప్రక్కన దింపిరి. చంద్రునిపై బరువు భూమిబరువులో ఆరవవంతు కలదు గనుక అచ్చట ద్రవమునకు అడుగున్నది. ఆ మేరకు పని సులువైనది.

ట్యాంకులో ద్రవమెంత మిగిలియున్నదో లెక్కకట్టుటయు సులభముకాదు. లాంతరులో కిరసనాయిలును కర్రముంచి కొలుతుము. అడుగులేని ట్యాంకులో కర్రముంచి ఏమి కొలుతుము? అందుచే మూడు మార్గములు పట్టిరి. ఇంజను ఎన్ని సెకన్లు మండినదో చిట్టా వ్రాసి ఖర్చును తీసివేయుట ఒకటి. వాయువు ఒత్తిడిని, వేడిమిని కొలిచి, అది ఎంతచోటు నాక్రమించినదో లెక్కించుట రెండవది. ట్యాంకును కొంచెము వేడిచేసి, ఎంత త్వరగ వేడెక్కునో చూచుట మూడవది. ద్రవము తక్కువైనకొలది త్వరగ వేడెక్కును. ఖాళీకుండ త్వరగ కాగుట వంటయింటివారు ఎరిగినదే.

ఈ లెక్కలో కొన్ని కిలోలు తప్పినను నష్టము కలదు. ఎక్కువున్నదని నమ్మినచో, స్థిరకక్ష్యలోని ముసలి ఉపగ్రహమును తుదిదినమున మూడువందల కిలోమీటర్లు పైకి తరలించి, క్రొత్తవారికి చోటు విడుచుటకు ద్రవము చాలదు. తక్కువున్నదని భయపడినచో, ఇంకను పనిచేయగల కన్నును ముందే మూసివేసినట్లగును. ఉద్దానపు తీరమును మరికొన్ని నెలలు కాచియుండగల ఉపగ్రహము ఆవిధముగ నిష్ఫలమగును. చంద్రయాన్-3 చోదకభాగమున నూరుకిలోలకు పైగా ద్రవము మిగిలియున్నట్లు లెక్క తేలినందుననే, 2023 అక్టోబరులో దానిని చంద్రునివద్దనుండి భూమికక్ష్యకు మరలింపగలిగిరి. మంగళయానము ఆరునెలల పనికని పోయి ఏడేండ్లు దాటి పనిచేసినది. 2022లో దానితో సంబంధము తెగినది. ద్రవము అయిపోయియుండునని ఇస్రోవారు ప్రకటించిరి.

రానున్న కాలమున ఆకాశముననే ద్రవమును ఒక నౌకనుండి మరియొక నౌకకు పోయుటకు ప్రయత్నములు సాగుచున్నవి. సోవియటు రష్యావారు 1978లోనే ప్రోగ్రెస్ నౌకచే సల్యూట్-6 కేంద్రమునకు చోదకద్రవమును చేర్చిరి. మనవారు 2024 డిసెంబరు 30న శ్రీహరికోటనుండి రెండు చిన్న నౌకలను పంపి, 2025 జనవరి 16న ఆకాశమున వానిని జతపరచిరి. జతపరచుట మొదటిమెట్టు, ఒకదానినుండి మరియొకదానికి ద్రవము పోయుట తరువాతిమెట్టు. అది నెరవేరిననాడు, కన్ను బాగుండియు నూనెలేక ఆరిపోవు దీపములవంటి ఉపగ్రహములకు మరల నూనె పోయగలుగుదుము.

శ్రోతలలోని విద్యార్థులకు మేము చెప్పదలచినది ఒక్కటే. ఈ విద్య అంతటికిని మూలములైన ప్రమిదవత్తి, తడిపంచె, కావడిలోని ఆకుమండ, పలికెడి కొబ్బరికాయ మన ఇండ్లలోనే యున్నవి. మన పెద్దలు వానిని అనుభవముచే ఎరిగిరి. కారణమడిగి లెక్కకట్టినవారు వానినే ఆకాశమునకు తీసికొనిపోయిరి. కవిటి తోటలలో పెరుగు బాలబాలికలలో ఎవరైనను రేపు కాయను ఊపి వినునప్పుడు, ఇది ఎందుకు పలికినది, రాలునప్పుడు పలుకునా యని ప్రశ్నించుకొన్నచో, ఈ ప్రసంగమునకు ఫలము దక్కినట్లే.